భయమునకు లోబడినవాడు అపరాధియా?

ఓడ పగిలి బ్రతికి బయటపడినవాడు తన బంధువులకు వ్రాసిన జాబు చదువువారికి సాధారణముగా జాలిని మాత్రమే కలిగించును. మేమిచ్చట విచారింపబూనిన జాబు జాలితోపాటు కొంత కోపమునుగూడ పుట్టించును. ఆ కోపము న్యాయమైనదా యన్నదే మా ప్రశ్న.

1629వ సంవత్సరము జూన్ 4వ తేదీని తెల్లవారకమునుపు డచ్చి తూర్పు ఇండియా కంపెనీవారి బటావియా యను క్రొత్త నావ, ఆస్ట్రేలియాకు పడమటనున్న అబ్రోలోస్ దీవులయొద్ద పగడపు గట్టునకు తగులుకొని పగిలిపోయెను. మచిలీపట్టణమున కోఠీ పెట్టుకొని, మన పెద్దలచే ఒలందావారని పిలువబడినవారే యీ కంపెనీవారు. నావలో బయలుదేరిన ఇంచుమించు 340 మందిలో కొందరు నీటిపాలైరి. పెక్కుమంది మంచినీరు లేని చిన్న దీవులకు చేరిరి. నాయకుడగు ఫ్రాన్సిస్కో పెల్సార్ట్ (ఇతడు పూర్వము ఆగ్రాలో వర్తకము చేసి, జహంగీరు పాదుషా రాజ్యస్థితిని గూర్చి గ్రంథము వ్రాసినవాడు) సహాయమునకై చిన్న పడవలో జావాకు పోయి సెప్టెంబరు 17వ తేదీకిగాని తిరిగి రాలేదు. ఈ మూడున్నర నెలలలో జెరోనిమస్ కార్నెలిస్ యను ఉపవర్తకుడు కొందరు యువకులను కూడగట్టుకొని, తినువారి సంఖ్యను తగ్గించుటకును, రాబోవు నావను పట్టుకొనుటకును 100 మందికి పైగా స్త్రీపురుషులను శిశువులను చంపించెను.

ఆ నావలో గైస్‌బర్ట్ బాస్టియాన్స్ అను క్రైస్తవ మతోపదేశకుడుండెను. ఆయన దొర్‌ద్రెఖ్త్ పట్టణమున గుర్రములు త్రిప్పు పిండిమర నడిపి, చితికిపోయి, జీవనార్థము ఈ యుద్యోగమునకు ఒప్పుకొని, భార్యతోను ఏడుగురు బిడ్డలతోను బయలుదేరినవాడు. జూలై 21వ తేదీ రాత్రి కార్నెలిస్ ఆయనను, ఆయన పెద్దకూతురు యూడిక్‌ను తన గుడారమునకు విందుకు పిలిచెను. వారచ్చట భుజించుచుండగనే ఇచ్చట భార్యయు, తక్కిన ఆరుగురు బిడ్డలును, దాసియు చంపబడి, ముందుగనే త్రవ్వియుంచిన గోతిలో పూడ్చబడిరి. ఆ సంవత్సరము డిసెంబరులో జావాలోని బటావియా నగరమునుండి (నేటి జకార్తా) ఆయన స్వదేశమందలి బంధువులకు వ్రాసిన జాబు మరుసటియేడు హాలండులో ఒక చిన్న పుస్తకమునందు అచ్చుపడినందున మనకు మిగిలినది. పెల్సార్ట్ దినచర్య హేగ్ నగరమందలి జాతీయ దస్తావేజుల భాండారమున నున్నది. రెండు సాక్ష్యములను ప్రక్కప్రక్కన బెట్టి చూచుట మావంటి వకీళ్లకు అలవాటు. ముఖ్యాంశములందు రెండును పొసగుచున్నవి.

మరునాడు తానేడ్చుచుండగా, ఏడువగూడదు, నోరు మూసికొననిచో నీకును అదే గతియని తన్ను బెదరించిరని ఆయన వ్రాసెను. తరువాత ఆయన యేడువలేదు. సీలు చర్మములకు ఉప్పద్దుకొని తినుచు, హంతకులు చెప్పిన పనులు చేయుచుండెను. వారాయనను ఉపదేశము చేయనీయలేదు. ఆయన చేసెదననియు పట్టుబట్టలేదు. ప్రతిరాత్రియు కూతునితో, ఉదయమున వచ్చి నేను బ్రతికియున్నానో లేదో చూడుమని చెప్పి పరుండెడివాడట. గొడ్డలి యెదుట నడచు ఎద్దుతో తమ్ము బోల్చుకొనెను. ఇవి యేవియు ఇతరులాయనపై మోపిన నేరములు కావు; తన చేతితో తానే వ్రాసికొన్నవి.

ఇంతకంటె కఠినమైన మాట కూతుని గూర్చినది. హంతకులలో నొకడగు వాన్ హౌసెన్ ఆమెను కోరెను. పలువురిచే చెరుపబడుటకంటె ఒక్కని యధీనమున ధర్మబద్ధముగా నుండుట మేలని తండ్రియు కూతురును తలంచిరి. తల్లిని, తోబుట్టువులను చంపినవారి గుంపులోనివానికి ఆమె యిట్లు భార్యవలె అప్పగింపబడెను. దీనిని వివాహమనవచ్చునా? కత్తి యెదుట నిచ్చిన సమ్మతి సమ్మతి కాదని ఏ మునసబైనను చెప్పును. కాని ఆ తండ్రి వద్దనియున్నచో ఆమెకు జరుగబోవునది యేదో మనకు తెలియనిది కాదు. సురక్షితమైన గృహములలో, ఏ కత్తియు లేకయే, ఇట్టి లెక్కలు వేసి కుమార్తెలనిచ్చు తండ్రులను చూచియున్నాము గనుక, ఈయనపై మాకంత సులువుగా కోపము రాదు.

ధర్మశాస్త్రమేమనును? 1860వ సంవత్సరపు ఇండియను శిక్షాస్మృతి 94వ సెక్షనులోను, దాని స్థానమున 2024లో అమలులోనికి వచ్చిన న్యాయసంహిత 32వ సెక్షనులోను ఒకే నియమము గలదు. తక్షణ మరణభయముచేత బలవంతపెట్టబడి చేసిన కార్యము నేరము కాదు. నరహత్యకును, మరణశిక్షకు దగిన రాజ్యద్రోహమునకును మాత్రము ఈ మినహాయింపు వర్తింపదు. ఆంద్రియాస్ ద వ్రీస్ అను పడుచు గుమాస్తాను హంతకులు ప్రాణభయము చూపి వ్యాధిగ్రస్తుల గొంతులు కోయించిరి. శాసనము వానిని క్షమింపదు. బాస్టియాన్స్ ఎవని గొంతును కోయలేదు. ఆయనను శాసనము తాకనైన తాకదు. అయినను చదువరి మనసు ద వ్రీస్ కంటె బాస్టియాన్స్ మీదనే యెక్కువగా చీకాకుపడును. వాడు కుఱ్ఱవాడు, ఈయన ధర్మము బోధింప వచ్చినవాడు. బోధకుని నుండి లోకము శాసనము కోరనిదానిని కోరును.

అదే కాలమున విబ్బె హేయిస్ అను సామాన్య సైనికుడు వేరొక దీవియందు నీరు కనుగొని, తప్పించుకొని వచ్చినవారిని చేర్చుకొని, 40 మందికి పైబడిన గుంపుతో, మేకులు గ్రుచ్చిన కఱ్ఱలే ఆయుధములుగా హంతకులనెదిర్చెను. సెప్టెంబరు 2వ తేదీని కార్నెలిస్‌ను పట్టుకొనినదియు, వాన్ హౌసెన్‌ను చంపినదియు ఇతని గుంపే. ఇతనిని చూపి, ఎదిర్చుట సాధ్యమేకదా యని వాదించువారున్నారు. ఆ వాదము మేమును చేసియుందుము, వాదిపక్షము వహించియున్నచో. అయితే హేయిస్‌కు నీరు గలదు, తోడు గలదు, నడుమ సముద్రపు పాయ గలదు. మతోపదేశకునికి ఒక కూతురు మాత్రము మిగిలియుండెను.

దోషమును భయమునందు గాక వేరొకచోట వెదకవలెనని మా యభిప్రాయము. కార్నెలిస్ భయపడి చంపినవాడు కాడు. వానికొక సిద్ధాంతముండెను. ఈశ్వరుడు పరిపూర్ణుడు గనుక మనుష్యునిలో చెడుగును పెట్టియుండడనియు, తన బుద్ధికి తోచినదెల్ల ఈశ్వర ప్రేరితమేయనియు, నరకము లేదనియు వాడు బోధించినట్లు పెల్సార్ట్ వ్రాసెను. మన దేశమునను, తత్త్వమెరిగినవానికి పుణ్యపాపములంటవని చెప్పి పరధనమును పరదారను ఆశించినవారు లేకపోలేదు. ఈశ్వరుడు పరిపూర్ణుడను మాట మనకును పూజ్యమైనదే. దానినుండి అంతరాత్మకు మారుపలుక నక్కరలేదని తేల్చుటలోనే విషమున్నది. ఎద్దువలె తల వంచిన ముసలివానికి తాను చేయుచున్నది తగదని ప్రతిరాత్రియు తెలిసెను. కార్నెలిస్‌కు తెలియలేదు, 1629 అక్టోబరు 2వ తేదీని ఉరికంబమెక్కినప్పుడును పశ్చాత్తాపపడలేదు.

బాస్టియాన్స్ మరల మతోపదేశకుడుగనే బండా దీవులకు పంపబడి కొన్ని యేండ్లకే అచ్చట మరణించెను. ఆ దీవులలో నుండియున్నచో మేము ఆయన యుపదేశమును వినబోయియుందుమా యని మమ్ము మేము ప్రశ్నించుకొంటిమి. పోయియుందుము. ధైర్యమును గూర్చి ఆయన చెప్పినప్పుడు మాత్రము తల వంచుకొని వినియుందుము, ఆయన ముఖము చూడలేక.