అనంతర ప్రేమ, పూర్వ సమ్మతి: ఆసియా ప్రణయహాస్య ధారావాహికలలో ఒక నైతిక ప్రశ్న

ఉపోద్ఘాతం

జపాన్, తైవాన్, దక్షిణ కొరియా, చైనా దేశాల ప్రణయహాస్య ధారావాహికలు నేడు తెలుగు ప్రేక్షకులకు సుపరిచితాలు. కొన్ని తెలుగు డబ్బింగుతో ఓటీటీ వేదికల మీద లభిస్తున్నాయి. వీటిలో తరచూ కనిపించే కొన్ని కథారూఢులు ఉన్నాయి: ధనవంతుడూ అహంకారీ అయిన నాయకుడు, పేదింటి ఆత్మాభిమానవతి నాయిక, ఆమె మణికట్టు పట్టి లాక్కుపోయే దృశ్యం, అనుమతి లేని ముద్దు, వద్దన్నా విడువని వెంబడింపు, చివరకు పరస్పరానురాగం. ఈ రూఢులను స్త్రీల పట్ల చిన్నచూపుగా నిరసించడం ఒక పద్ధతి, కేవలం వినోదమని సమర్థించడం మరొక పద్ధతి. రెండూ అసలు ప్రశ్నను పక్కన పెడుతున్నాయి. నాయిక చివరకు నిజంగానే ప్రేమించింది కదా, అటువంటప్పుడు మొదట ఆమె ఇష్టానికి విరుద్ధంగా జరిగినది తప్పుగా మిగులుతుందా, లేక ఆ ప్రేమ దానిని ఒప్పుగా మారుస్తుందా? ఈ ప్రశ్నను ఒక ప్రసిద్ధ కథ ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కథాస్వరూపం

కామియో యోకో రచించిన ‘హనా యోరి దాంగో’ అనే జపనీస్ చిత్రకథ 1992లో ‘మార్గరెట్’ పత్రికలో ప్రారంభమై దశాబ్దానికి పైగా సాగింది. పువ్వులకన్నా తినుబండారాలు మేలనే జపనీస్ సామెతలో ‘దాంగో’ అనే మాటను మగపిల్లలను సూచించే అక్షరాలతో రాసి రచయిత్రి ఆ పేరులో శ్లేష కూర్చారు. ఈ కథ తైవాన్‌లో 2001లో ‘మీటియర్ గార్డెన్’గా, జపాన్‌లో 2005లో మూలం పేరుతోనే, కొరియాలో 2009లో ‘బాయ్స్ ఓవర్ ఫ్లవర్స్’గా, చైనాలో 2018లో మళ్లీ ‘మీటియర్ గార్డెన్’గా ధారావాహిక రూపం పొందింది. ఒకే కథ నాలుగు సమాజాలలో, పదిహేడేళ్ల వ్యవధిలో తిరిగి తిరిగి ఆదరణ పొందినందువల్ల ఇది పరిశీలనకు అనువైనది.

మూలకథలో మకినో త్సుకుషి సామాన్య కుటుంబపు బాలిక, సంపన్నుల విద్యాసంస్థలో చదువుతుంది. అక్కడ ‘ఎఫ్4’ అనే నలుగురు యువకులదే పెత్తనం. వారి నాయకుడు దోమ్యోజి త్సుకాసా. తమకు నచ్చనివారికి వారు ఎర్రచీటీ పెడతారు. అది అందిన విద్యార్థిని తక్కినవారందరూ వేధిస్తారు. స్నేహితురాలి పక్షాన నిలిచినందుకు త్సుకుషికి ఆ చీటీ వస్తుంది. ఆమె లొంగదు, నాయకుణ్ణి ఎదిరించి కొడుతుంది. ఆ క్షణం నుంచే అతనికి ఆమె మీద మనసు కలుగుతుంది. ఆ తరువాత మనుషులను పంపి ఆమెను తన భవనానికి ఎత్తుకుపోయి ఖరీదైన దుస్తులతో అలంకరింపజేస్తాడు. ఆమె ఆ సొమ్మును తిరస్కరిస్తుంది. మూలంలోను, తైవాన్ రూపాంతరంలోను అతడు అసూయతో రెచ్చిపోయి ఆమెను బలవంతంగా పట్టుకొని, ఆమె ఏడవడం చూసి ఆగిపోయే సన్నివేశం కూడా ఉంది. ఇంత జరిగిన తరువాత కూడా కథ వారిద్దరి ప్రేమ వైపే నడుస్తుంది. ప్రేక్షకుడు కోరుకునేదీ అదే.

రసాభాస భావన

ఈ ప్రశ్నకు మన అలంకారశాస్త్రంలో ఉపయోగపడే ఒక పరికరం ఉంది. రతి నాయికానాయకులిద్దరిలోనూ ఉన్నప్పుడే శృంగారం. ఒకరిలోనే ఉన్న రతిని ఆలంకారికులు ‘అనుభయనిష్ఠ’మని పేర్కొని రసాభాసంలో చేర్చారు. విశ్వనాథుని ‘సాహిత్యదర్పణం’ ఈ భేదాన్ని స్పష్టంగా చెబుతుంది. సీత పట్ల రావణుని కాంక్ష దీనికి ప్రసిద్ధోదాహరణ. తెలుగువాడైన జగన్నాథ పండితరాయలు ‘రసగంగాధరం’లో ఒక అడుగు ముందుకు వేశాడు. అనౌచిత్యాన్ని ఆలంబనానికి మాత్రమే చెబితే ఏకపక్ష రతి వంటివి లక్షణంలోకి రావని గుర్తించి, దానిని రతికే విశేషణంగా గ్రహించాలన్నాడు. అంటే ప్రేమింపబడే వ్యక్తి తగినవారా కాదా అన్నదొక్కటే ప్రశ్న కాదు, ఆ ప్రేమ స్వరూపమే ఉచితమా కాదా అన్నది కూడా ప్రశ్నే.

ఈ దృష్టితో చూస్తే ‘హనా యోరి దాంగో’ పూర్వభాగం రసాభాసం, ఉత్తరభాగం శృంగారం. నాయకభేదాల పరిభాషలో, అపరాధం చేసి కూడా భయసంకోచాలు లేని ధృష్టుడు క్రమంగా అనుకూలుడవుతున్నాడు. కాకతీయుల ఆస్థానంలో ‘ప్రతాపరుద్రీయం’ రచించిన విద్యానాథుడు కూడా ఈ భేదాలను వివరించాడు. అయితే శాస్త్రంలో ఇవి వేరువేరు నాయకులకు లక్షణాలు. ధారావాహిక వీటిని ఒకే వ్యక్తి జీవితంలో వరుస దశలుగా మారుస్తున్నది. ఇక్కడే సమస్య మొదలవుతుంది. ఏకపక్ష రతి ఉభయనిష్ఠమైన తరువాత, గతంలోని ఆభాసం కూడా వెనక్కి తిరిగి రసంగా మారుతుందా? ధారావాహిక సంవిధానం మారుతుందనే సూచిస్తుంది. మొదట భయపెట్టిన సంఘటననే తరువాతి భాగాలలో మధుర సంగీతంతో, మందగతితో, తీపి జ్ఞాపకంగా మళ్లీ చూపడం ఈ ప్రక్రియలో సాధారణ పద్ధతి. దృశ్యం అదే, దాని అర్థం మారిపోతుంది.

సమ్మతి, క్షమ

అనంతర ప్రేమ పూర్వ బలవంతాన్ని ఒప్పుగా మార్చగలదన్న వాదాన్ని సమర్థించడానికి రెండు మార్గాలున్నాయి.

మొదటిది అనంతరామోదం. వ్యవహారంలో ఇది ఉన్నదే. ఒకరి అనుమతి లేకుండా వారి తరఫున మరొకరు చేసిన పనిని వారు తరువాత ఆమోదించవచ్చునని 1872 నాటి భారత ఒప్పందాల చట్టం 196వ సెక్షను చెబుతుంది. అట్లా ఆమోదిస్తే ఆ పని మొదటి నుంచి అనుమతితో జరిగినట్లే లెక్క. నాయిక ప్రేమ కూడా ఇటువంటి ఆమోదమే అనవచ్చు గదా? అనలేము. ఆ సూత్రం వర్తించేది ఎదుటివారి తరఫున చేసిన పనికి. నాయకుడు నాయికను ఎత్తుకుపోయింది ఆమె తరఫున కాదు, తన కోరిక కోసం. ఆమె తరఫున జరగని పనిని ఆమె ధ్రువీకరించడమన్న మాటకు అర్థం లేదు. జరిగినదాన్ని ఆమె మన్నించగలదు, అంతే.

రెండవది నైతిక భాగ్యం. 1976లో బెర్నార్డ్ విలియమ్స్, థామస్ నేగెల్ ఈ భావనను చర్చకు తెచ్చారు. చిత్రకళ కోసం కుటుంబాన్ని విడిచిపోయిన గోగాఁ వంటి కళాకారుణ్ణి విలియమ్స్ ఉదాహరించాడు. అతని నిర్ణయానికి సమర్థన ఏదైనా ఉంటే అది అతడు సాధించబోయే విజయంలోనే ఉంది. నిర్ణయం తీసుకున్న క్షణంలో అది అతనికి తెలియదు. మన నాయకుడి సంగతి కూడా ఇదేనా? నాయిక ప్రేమించింది కనుక అతని సాహసం ఫలించింది, ఫలించింది కనుక సమర్థనీయమైంది అనవచ్చునా? ఇక్కడ ముఖ్యమైన భేదం ఉంది. చిత్రకారుని విజయం అతని ప్రతిభలో, అతని చిత్రాలలో ఉంటుంది. నాయకుని విజయం నాయిక హృదయంలో ఉంటుంది. అంటే ఎవరికి అన్యాయం జరిగిందో ఆమెయే ఆ అన్యాయానికి సమర్థన సమకూర్చి పెట్టాలి. ఆమె ప్రేమించకపోతే అతడు దోషి, ప్రేమిస్తే నిర్దోషి. అతని నైతిక స్థితి భారమంతా ఆమె మీద పడుతున్నది. ఈ కథారూఢిలో స్త్రీకి జరిగే సూక్ష్మమైన అన్యాయం ఇదే.

సమ్మతి ముందుంటే తప్పు అసలు జరగదు. క్షమకు ముందు తప్పు జరిగి ఉండాలి. క్షమిస్తున్నానని నాయిక చెప్పగలిగితే, జరిగింది తప్పేనని ఆమె చెప్పినట్లు. త్సుకుషి దోమ్యోజిని క్షమించి ప్రేమించడంలో అసంభవమేమీ లేదు. మనుషులు మారతారు, మారినవారిని ప్రేమించడం నీచం కాదు. కానీ ఈ ధారావాహికలు తరచూ క్షమను సమ్మతిగా మార్చి చూపుతున్నాయి. ఆమె మన్నించిందని చెప్పవలసిన చోట, ఆమెకు మొదటి నుంచీ ఇష్టమేనని సూచిస్తున్నాయి. ఈ మార్పిడి వల్ల పోయేది నాయిక మాట విలువ. ఆమె అన్న ‘వద్దు’ కథాదిలో అబద్ధమై పోతుంది.

ఎర్రచీటీ అందుకున్న తక్కినవారు

క్షమకు ఒక హద్దు కూడా ఉంది. తనకు జరిగినదాన్ని మాత్రమే ఎవరైనా క్షమించగలరు. 2009 నాటి కొరియా రూపాంతరం ఒక బాధితునితోనే మొదలవుతుంది. వేధింపు భరించలేక పాఠశాల భవనం పైనుంచి దూకబోయిన విద్యార్థిని, లాండ్రీ బట్టలు అందించడానికి వచ్చిన గుమ్ జాన్-డి కాపాడుతుంది. కథకు నైతికమైన ఊపు వచ్చేది అక్కడే. కానీ నాయకుడు గూ జున్-ప్యో మారాడా లేదా అన్నదానికి తరువాత కొలమానం నాయిక పట్ల అతని ప్రవర్తన మాత్రమే. తక్కిన బాధితులకు అతడు బాకీపడిన పరిహారం కథకు ప్రధానం కాదు.

మూలకథలో ఎర్రచీటీ బాధితుని పక్షాన పగ తీర్చుకోవడానికి ఒక యువకుడు వస్తాడు. కానీ ప్రతినాయకుడిగా వస్తాడు, నాయికను ఎత్తుకుపోతాడు. ఆమె కోసం దోమ్యోజి ఎదురు తిరగకుండా దెబ్బలు తింటాడు. న్యాయంగా వినవలసిన ఫిర్యాదు ఇక్కడ నాయకుని ప్రేమకు పరీక్షగా మారిపోయింది. ఎత్తుకుపోవడమనే పని నాయకుడు చేసినప్పుడు ప్రణయచేష్ట, బాధితుని పక్షంవాడు చేసినప్పుడు నేరం. ఒకే చర్యకు రెండు విలువలు రావడానికి కారణం నాయిక చివరకు ఎవరిని ప్రేమించిందన్నదే.

రెండవ నాయకుని స్థానం కూడా ఇందుకు తగినట్లే ఉంది. హనాజావా రూయి మొదట ఉదాసీనుడైనా నాయికకు కష్టకాలంలో అండగా నిలుస్తాడు, ఆమె నిర్ణయాన్ని గౌరవిస్తాడు. నాయిక మొదట ఇష్టపడింది కూడా అతన్నే. అయినా చివరకు ఓడేది అతడే. నిదానించినవాడు ఓడి, పట్టి లాగినవాడు గెలవడం ఈ ప్రక్రియలో ఒక అలిఖిత నియమంగా స్థిరపడింది. తెలుగు సినిమాలో నాయకుడు నాయికను వెంటపడి ఏడిపించే పాటల సంప్రదాయం ఎరిగినవారికి ఈ నియమం కొత్తది కాదు.

ఒక ప్రతివాదం

ఈ కథల రచయిత్రులూ ప్రేక్షకులూ అధికభాగం స్త్రీలే గదా, తమను తక్కువచేసే కథను వారెందుకు ఆదరిస్తారు అన్నది బలమైన ప్రతివాదం. 1984లో అమెరికన్ ప్రణయనవలల పాఠకురాళ్లను అధ్యయనం చేసిన జానిస్ రాడ్వే, నాయకుని కాఠిన్యాన్ని మరుగుపడిన ప్రేమగా చదువుకోవడం పితృస్వామ్యంలో బతుకుతున్న స్త్రీలకు ఒక ఊరట అని వివరించింది. ఈ వివరణను తేలికగా తీసుకోరాదు. ‘హనా యోరి దాంగో’లో ఆనందం కలిగించేది నాయిక లొంగుబాటు కాదు, ఆమె కొట్టిన దెబ్బ. ధనబలం ఒక పేద బాలిక ముందు తలవంచడం ఇందులోని నిజమైన ఆకర్షణ. నాయకుని తల్లి డబ్బుతో ఆమెను కొనజూసినప్పుడు నాయిక నిరాకరించడం, ప్రేక్షకుడు ఆమె పక్షాన నిలవడం అందుకు సాక్ష్యాలు.

కానీ ఊరటకూ సమర్థనకూ భేదం ఉంది. కాఠిన్యం వెనుక ప్రేమ ఉండవచ్చునన్న ఆశ బాధితురాలికి బతకడానికి తోడ్పడవచ్చు. అదే ఆశ బాధించేవాని చేతికి వాదంగా అందితే ఆయుధమవుతుంది. ఒకే కథ ఈ రెండు పనులూ చేయగలదు. అందువల్ల ప్రేక్షకురాలి ఆనందాన్ని నిందించకుండానే కథ చెప్పే న్యాయాన్ని ప్రశ్నించవచ్చు.

మరొక మార్గం

2018 చైనా రూపాంతరంలో వేధింపు తీవ్రత బాగా తగ్గింది. నిర్మాతలకు మారిన అభిరుచి తెలుసునని దీనివల్ల గ్రహించవచ్చు. కానీ నిరాకరణను అంగీకారానికి తొలిమెట్టుగా చూపే నిర్మాణం అట్లాగే ఉంది. దృశ్యాలను మృదువు చేసినంత మాత్రాన తర్కం మారదు.

తర్కం మారిన ఉదాహరణ ఉమినో త్సునామి చిత్రకథ ఆధారంగా 2016లో జపాన్‌లో ప్రసారమైన ‘నిగేరు వా హాజి దా గా యాకు ని తాత్సు’. పై చదువు చదివి ఉద్యోగం లేని మికురి, సాఫ్ట్‌వేర్ ఉద్యోగి హిరామసా ఇంట జీతానికి ఇంటిపని చేస్తూ, ఒప్పందం మీద అతని భార్యగా ఉంటుంది. వారు కౌగిలికి కూడా ముందుగా మాట్లాడుకొని వారంలో ఒక రోజు నిర్ణయించుకుంటారు. హాస్యం పుట్టేది ఈ బిడియపు బేరసారాల నుంచే. అడగడం వల్ల ప్రణయం చప్పబడుతుందన్న నమ్మకాన్ని ఈ కథ తప్పని నిరూపించింది. చివరి ఘట్టాలలో హిరామసా ఆమెను నిజంగా పెళ్లాడదామంటూ, దానివల్ల మిగిలే జీతం లెక్క కూడా చూపుతాడు. ప్రేమ పేరుతో తన శ్రమను ఉచితంగా వాడుకోవడం దోపిడీయేనని మికురి అభ్యంతరం చెబుతుంది. ఆమె అతన్ని ప్రేమిస్తున్నది, అయినా ఆక్షేపిస్తున్నది. ప్రేమ ఉన్నంత మాత్రాన అన్నిటికీ సమ్మతి ఉన్నట్లు కాదని ఒక ప్రణయహాస్య నాయికే చెప్పడం ఇందులోని విశేషం.

ముగింపు

అనంతర ప్రేమ నిజమైనదే కావచ్చు, గాఢమైనదే కావచ్చు. అయినా అది గతంలోకి వెళ్లి, లేని సమ్మతిని సృష్టించలేదు. అది చేయగలిగింది క్షమించడం. ఆ క్షమ కూడా నాయిక తన వంతుకు మాత్రమే ఇవ్వగలది. ఆలంకారికులు ఏకపక్ష రతిని ఆభాసమని విడిగా పేర్కొనడంలోని వివేకం ఈ సందర్భంలో మనకు పనికివస్తుంది. ఉభయనిష్ఠమైన నాటి నుంచి శృంగారం శృంగారమే, దానికి ముందున్న ఆభాసం ఆభాసమే. ఆ రెండింటి మధ్య గీతను చెరపకుండా, నాయకుడు తాను చేసినది తప్పని తెలుసుకొని నాయికను మాత్రమే కాక ఎర్రచీటీ అందుకున్న ప్రతివారినీ క్షమాపణ కోరే కథ కూడా ప్రణయకథే అవుతుంది. అందులో నాయిక మొదట అన్న ‘వద్దు’, చివర అన్న ‘సరే’ రెండూ నిజాలుగానే నిలుస్తాయి.