కొత్త తలుపు, పాత లారీ

కోవిల్‌పట్టిలో మా మామయ్యకు టింకరింగ్ షెడ్డు ఉంది. సెలవుల్లో అక్కడికి ఒక పాత శక్తిమాన్ మిలిటరీ లారీ వచ్చింది. 1959 నుంచి జబల్పూరులో చేసిన రకం. ఎడమ తలుపు, ఒక మడ్గార్డు లేవు. మామయ్య కుడి తలుపు కొలతలు అట్ట మీద గీసి, ఆ అట్టను తిరగేసి రేకు కోసి, ఎడమ తలుపు చేశాడు.

విరుదునగర్ నుంచి వచ్చిన లారీ ఆసామి, "ఉప్పునీళ్ళు పూసి తుప్పు పట్టించండి, పాతదే అని చెప్పుకుంటాను" అన్నాడు. నాకు భలే ఉపాయం అనిపించి, ఉప్పు తేవడానికి లేచాను. మామయ్య నన్ను కూర్చోమన్నాడు. తలుపు లోపలివైపు చేసిన సంవత్సరం కొట్టాడు. ఆసామి ముఖం ముడుచుకుని, కూలి తగ్గించి ఇచ్చి వెళ్ళాడు.

మరి పోయినదాన్ని మళ్ళీ చేయడమే తప్పా? కాదు. పాంచాలంకురిచ్చిలో వీరపాండ్య కట్టబొమ్మన్ కోటను ఆంగ్లేయులు నేలమట్టం చేశారు. ఇప్పుడున్నది 1974లో ప్రభుత్వం కట్టించిన స్మారక కోట. ఆ పేరే నిజం చెబుతోంది. అయినా 1799లో కయత్తారులో ఉరికంబమెక్కిన వీరుణ్ణి అక్కడ మనసారా తలచుకుంటాం.

"చూడ్డానికి బాగుంటే ఎవరికి నష్టం?" అని అడగవచ్చు. నష్టం కుడి తలుపుకే. ఎడమవైపు తుప్పు దొంగదని తెలిసిన రోజున, కుడివైపు నిజమైన తుప్పును కూడా ఎవరూ నమ్మరు. అచ్చం అలాగే చేయడం పాతదానికి గౌరవం. ఇదే అది అనడం అబద్ధం. నేను ఉప్పు కోసం లేచిన సంగతి ఇంకా మరచిపోలేదు.