జీర్ణోద్ధరణమున సత్యము

అనకాపల్లిలో మా యొద్ద చదువుకొని, నేడు అమెరికాలోని డెట్రాయిట్ ప్రాంతమున ఇంజనీరుగా నున్న శిష్యు డొకడు, కాలేజీలో చదువు తన కుమారునితో కూడి, 1965 నాటి ఫోర్డు మస్టాంగు కారును బాగుచేయుచున్నాడు. ముందరి రెండు సీట్ల నడుమ, గేరుకర్ర చుట్టును అమర్చు పెట్టెను కన్సోలందురు. అతని కారున కది లేదు. ఆ కాలపుదే, అరిగినది, యొకటి దొరకుచున్నదట. అచ్చముగా దానిని పోలిన క్రొత్తది దొరకుచున్నదట. గ్లాసులుంచు గుంటలు గల నేటితీరుది చవుకగా దొరకుచున్నదట. “మాస్టారూ, ఏది న్యాయము?” అని మాకు జాబు వ్రాసెను.

సామాను కొనుటలో న్యాయాన్యాయము లేమని చదువరులు నవ్వవచ్చును. కాని జాబు చివర ఆ బాలుని ప్రశ్న యున్నది: “అమ్మునపుడు, ఇది మొదటినుండి యున్నదే యని చెప్పిన నెవరికి తెలియును? రథమనగా ఇరుసు కాదు, చక్రములు కాదు, అది వ్యవహారనామమే యని నాగసేనుడు మిలిందునకు చెప్పలేదా? కావున ఏ భాగమైన నేమి?”

వాదము చక్కనిదే. తత్త్వము ఏ యొక్క భాగమునందును లేదు. అందుచేతనే పేరునకు బాధ్యత హెచ్చినది. ఇరుసు విరిగిన మార్చవచ్చును. పేరు అబద్ధమైన నిక దేనిని మార్చి సరిచేయుదుము?

మా యూరి చేరువ శంకరమున, బొజ్జన్నకొండపై, బౌద్ధభిక్షువులు కట్టిన యిటుకల విహారమును 1906లో అలెగ్జాండర్ రే త్రవ్వించెను. అచట నేడొక క్రొత్త యిటుకను పెట్టి గోడను నిలుపుట దోషము కాదు. ఆ యిటుకను ప్రాచీనమని చెప్పుట దోషము.

మస్టాంగు 1964 ఏప్రిలులో బయలుదేరినది. నాడు కన్సోలును అదనపు సొమ్మిచ్చి కోరినవారికే అమర్చెడివారు. కావున అది లేనంతమాత్రమున కారు లోపముగలది కాదు. శీతలయంత్రమున్న కార్లకు పొట్టిది, లేనివానికి పొడుగుది. 1967లో కారు ఆకృతియే మారినందున, తరువాతిది ఇందు పొసగదు. సరియైనదానిని ఎంచి పెట్టినచో, “ఇట్టిది ఈ కారున ఉండియుండవచ్చును” అనుట సత్యము. “ఉండెను” అనుట అసత్యము. ఈ రెండు మాటల నడుమనే ధర్మమంతయు నున్నది.

మే మిట్లు బదులు వ్రాసితిమి: “నాయనా, కాలమును నిలుపదలచితివి గనుక నేటితీరుది వలదు. అరిగినదైనను, దానిని పోలిన క్రొత్తదైనను తగును. కాని ఏ యేట, ఎవరు, దేనిని అమర్చిరో యొక కాగితమున వ్రాసి కారులో నుంచుము. వెల కొంత తగ్గవచ్చును. ఎవరికిని తెలియదను నీ కుమారునకు, తెలిసినవాడు తానొక్కడున్నాడని చెప్పుము.”

మన యిండ్లలోను ఇట్టి కన్సోలు లెన్నియో కలవు. ఎవరు, ఎప్పుడు చేర్చిరో విచారింపకయే వరకట్నమును అనాదిసంప్రదాయమని కూతురికి చెప్పు తండ్రియు ఆ బాలుని ప్రశ్ననే అడుగుచున్నాడు. పెద్దల సొత్తును కాపాడుట మంచిదే. కాని అందు మనము చేర్చినదానిపై వారి పేరు వ్రాయకుందుము గాక.