అప్రియసత్యము

2019వ సంవత్సరము జూను నెలలో వేసవి సెలవులు ముగిసి పాఠశాల తెరచిన దినమున, మా యుపాధ్యాయుల గదిలో నొక ప్రసంగము నడచినది. అంతకు గొలది దినములకు ముందు, ఒడిస్సా రాష్ట్రపు పరుగుపందెగత్తె ద్యుతీ చంద్, తన గ్రామమునకే చెందిన యొక యువతిని తాను ప్రేమించుచున్నానని పత్రికలవారితో జెప్పియుండెను. మన దేశపు క్రీడాకారులలో నట్లు బహిరంగముగా జెప్పుకొన్నవారిలో నామెయే మొదటిదని పత్రికలు వ్రాసినవి. మా లెక్కల పంతులుగారు చేతిలోని పత్రికను బల్లపై బెట్టి, "పరుగెత్తినది, పతకములు తెచ్చినది, సంతోషమే. ఇంటి సంగతి వీథిలో జెప్పుకొననేల?" అనిరి. నేను సంస్కృతము చదివినవాడను గనుక, అప్రియమైన సత్యమును పలుకరాదని మనుస్మృతి చెప్పుచున్నదని వారి మాటకు బలము చేకూర్చితిని. అందరును తలలూచిరి. గంట మ్రోగినది, ఎవరి తరగతులకు వారము పోతిమి.

నాటినుండి యా మాట నన్నే బాధించుచున్నది. ఆ శ్లోకమున నేను సగమే చెప్పితిని. తక్కిన సగమును నేల మరచితినో విచారించుకొనుటకే యీ వ్యాసము.

ముందుగా పూర్వపక్షమును న్యాయముగా జెప్పవలెను. స్వలింగానురాగమును, అనగా పురుషుడు పురుషుని, స్త్రీ స్త్రీని వలచుటను, రోగమనియు నేరమనియు దూషించువారితో నాకిప్పుడు పని లేదు. అది రోగము కాదని ప్రపంచారోగ్యసంస్థ 1990లోనే తన రోగముల పట్టికనుండి తొలగించినది. వయస్సు వచ్చిన యిరువురు తమ యిష్టముతో నట్లుండుట నేరము కాదని మన సుప్రీంకోర్టు 2018 సెప్టెంబరు 6వ తేదీన నైదుగురు న్యాయమూర్తుల యేకాభిప్రాయముతో దీర్పు చెప్పినది. 1860లో నాంగ్లప్రభుత్వము చేసిన శిక్షాస్మృతిలోని 377వ సెక్షను ఆ మేరకు జెల్లకపోయినది. నాకు పని గలది మర్యాదస్థుడైన పూర్వపక్షితో. అతడు నా సహోపాధ్యాయుడు. ఆ దినమున నేనును. అతని వాదమిది: "ఎవరి ప్రేమ వారిది, నేనెవరిని ద్వేషింపను. కాని క్రీడాంగణము ప్రేమను ప్రకటించు చోటు కాదు. అచ్చట జూడవలసినది కాలి వేగము, చేతి నేర్పు. చెప్పినయెడల జట్టులో గలత పుట్టును. ప్రేక్షకులు గేలి సేయుదురు. చెప్పినవానికే కీడు మూడును. కావున మౌనమే మేలు."

వినుటకు ఇంపుగా నున్నది. కాని క్రీడాంగణము నిజముగా బ్రేమను బ్రకటింపని చోటేనా? క్రికెట్టు ఆటగాడు నూరు పరుగులు పూర్తిచేసి, బ్యాటు నెత్తి, ప్రేక్షకులలో గూర్చున్న భార్యవైపు జూపును. టెలివిజనువారు ఆమె ముఖమును దేశమంతటికిని జూపుదురు. అతని పెండ్లి చిత్రములు పత్రికలలో వచ్చును. బిడ్డ పుట్టిన వార్త మన యిండ్లలో బంధువుల వార్తవలె చెప్పుకొందుము. దీనినెవ్వరును "ఇంటి సంగతి వీథిలో బెట్టుట" యనరు. కనుక మనము కోరునది మౌనము కాదు. కొందరి మౌనము మాత్రమే. తూకపురాళ్లు రెండు విధములుగా నున్న యంగడివానిని మనము దొంగయందుము. నీతి విషయమున నట్టి రాళ్లను మనమే యుంచుకొన్నప్పుడు దానికి మర్యాద యని పేరు పెట్టుచున్నాము.

పోనీ, ఆ మౌనమైనను నిజమైన మౌనమా? ఆటగాడూరకున్నను లోకమూరకుండదు. పెండ్లి యెప్పుడని బంధువులడుగుదురు, ప్రియురాలెవరని పత్రికలవారడుగుదురు, సహక్రీడాకారులు హాస్యమాడుదురు. ప్రతి ప్రశ్నకును నొక చిన్న యబద్ధము కావలెను. ఆ యబద్ధమును గాపాడుటకు మరియొకటి కావలెను. వేల్సు దేశపు రగ్బీ జట్టు నాయకుడుగా నుండిన గారెత్ థామస్ కథ యిట్టిది. తన దేశము పక్షమున 100 ఆటలాడిన ధీరుడతడు. తన స్వభావమును దాచుటకై యేండ్ల తరబడి పెనగులాడెను, వివాహము చేసికొనెను, ఆ వివాహము నిలువలేదు. ఆత్మహత్య తలంపులు తన్ను వెంటాడినవని తరువాత నతడే చెప్పెను. మౌనము వలన గీడు లేదనువారు ఆ యింటిలో నొక నిరపరాధియైన భార్య కూడ నుండెనని జ్ఞాపకముంచుకొనవలెను. ఒకరు పలికిన యసత్యమునకు మరియొకరు సుంకము చెల్లింపవలసివచ్చినది.

ఇక "చెప్పినవానికే కీడు మూడు" నను మాట. దీనికి సాక్ష్యముగా నింగ్లండు ఫుట్‌బాలు ఆటగాడు జస్టిన్ ఫాషనును జూపవచ్చును. అతడు నల్లజాతివాడు. 1981లో, ఇరువది యేండ్ల ప్రాయమున, పది లక్షల పౌనుల వెల పలికిన మొదటి నల్లజాతి ఆటగాడై నాటింగ్‌హామ్ ఫారెస్టు జట్టులో జేరెను. అతనిని గూర్చిన వదంతులను విని, జట్టు నిర్వాహకుడు అతనిని నిందించి, తక్కినవారితో గలిసి యభ్యాసము చేయనీయకుండెను. అప్పటికతడు లోకమునకేమియు జెప్పియుండలేదని గమనింపవలెను. మౌనము అతనిని రక్షింపలేదు. 1990 అక్టోబరులో నొక పత్రికద్వారమున నతడు నిజము చెప్పెను. ప్రేక్షకులు గేలి చేసిరి. తానును ఫుట్‌బాలు ఆటగాడే యైన తమ్ముడు బహిరంగముగా నతనిని దూరము చేసెను. తరువాత నా తమ్ముడు పశ్చాత్తాపపడెను గాని, అప్పటికి గాలము మించినది. 1998 మే నెలలో, అమెరికాలో దనపై వచ్చిన యొక నేరారోపణ నడుమ, ముప్పదియేడవ యేట ఫాషను లండనులో నాత్మహత్య చేసికొనెను. ఆ యారోపణ నిజమో కాదో తేల్చుటకు న్యాయస్థానమున విచారణయే జరుగలేదు. కావున నతనిని నిష్కళంకుడైన యమరవీరునిగా జిత్రించుట నా యుద్దేశము కాదు. మనుష్యునకు న్యాయము చేయుటకు ముందు వానిని దేవునిగా జేయనక్కర లేదు.

నా యుద్దేశము వేరు. ఫాషను చెప్పిన పిదప, ఇంగ్లండులో వృత్తిగా ఫుట్‌బాలు ఆడుచున్న పురుషులలో మరియొకడు నోరు విప్పుటకు ముప్పదిరెండేండ్లు పట్టినది. 2022 మే నెలలో బ్లాక్‌పూల్ జట్టు కుర్రవాడు జేక్ డేనియల్సు, పదునేడేండ్ల వయస్సున, తన సంగతి చెప్పెను. నడుమ వేలకొలది యాటగాండ్రు వచ్చిరి, పోయిరి. వారిలో నట్టివారొక్కరును లేరా? ఉండకపోరు. ఒక్కని గతిని జూచి తక్కినవారందరును పాఠము నేర్చుకొనిరి. గేలి యొక్కనిపై బడును. భయము వేయిమందికి బంచిపెట్టబడును. "చెప్పినవానికి గీడు మూడినది, చూచితిరా" యని మనమనునప్పుడు, ఆ కీడు చేసినది మాట కాదనియు, మాటను విన్నవారనియు మరచుచున్నాము. బావిలో రాయి వేసినవానిని విడిచి, నీళ్లు కలకబారినవని బావిని నిందించుట వంటిదిది.

జట్టులో గలత పుట్టునను వాదమునకు సమాధానము జట్టులే చెప్పినవి. థామస్ 2006లో దన శిక్షకునితోను, పిమ్మట నిద్దరు సహక్రీడాకారులతోను నిజము పంచుకొనగా, వారతనిని మునుపటివలెనే యాదరించిరి. 2009 డిసెంబరులో లోకమునకు జెప్పిన పిదపను అతడాడుచునే యుండెను. ఇంగ్లండు క్రికెట్టు వికెట్‌కీపరు స్టీవెన్ డేవిస్ ముందుగా దన జట్టువారితో జెప్పి, 2011లో బహిరంగముగా జెప్పెను. అమెరికా బాస్కెట్‌బాలు ఆటగాడు జేసన్ కాలిన్సు 2013లో జెప్పి, మరు సంవత్సరము లాస్ ఏంజెల్సు నగరమున దిరిగి యాటలోనికి దిగినప్పుడు, ఎదుటిపక్షపు ప్రేక్షకులే చప్పట్లు చరచిరి. అన్నిచోట్ల నిట్లే జరిగెనని చెప్పను. 2010లో థామస్ రగ్బీ లీగు ఆటలో నున్నప్పుడు కాజిల్‌ఫర్డు ప్రేక్షకులు అతనిని బూతులతో నవమానించిరి. ఆ క్రీడాసంఘము వారు కాజిల్‌ఫర్డు క్లబ్బునకు జరిమానా విధించిరి. ఈ భేదమును జూడుడు. ప్రక్కన నిలిచి బంతి నందించువానికి లేని కలత, దూరమున గూర్చుండి టిక్కెట్టు కొన్నవానికి గలిగినది.

ఇచ్చట నొక యెడబాటును మనము గుర్తింపవలెను. గుట్టు వేరు, దాపరికము వేరు. తన జీవితములోని దేనిని నెవరికి జెప్పవలెనో తానే నిర్ణయించుకొనుట గుట్టు. అది మనుష్యుని హక్కు. చెప్పినచో బ్రతుకు పోవునను భయముతో నోరు మూసికొనుట దాపరికము, అది సంకెల. 1981లో బిల్లీ జీన్ కింగ్ అను టెన్నిసు క్రీడాకారిణి సంగతి, ఆమెపై వేయబడిన యొక వ్యాజ్యము వలన నామె యిష్టము లేకయే బయటబడినది. వ్యాపారసంస్థలు ఆమెతో ఒప్పందములను వదలుకొన్నవి. ఆ యేటనే మార్టినా నవ్రతిలోవా రహస్యమును గూడ, ఆమె వలదన్నను, ఒక పత్రిక ప్రకటించినది. ఈ రెండును నన్యాయములే. ఎవరిని జెప్పుమని బలవంతపెట్టరాదు. ఎవరి గుట్టును మరియొకరు రట్టు చేయరాదు. నవ్రతిలోవా తొమ్మిది సారులు వింబుల్డను సింగిల్సు గెలిచి, ఆటకును అనురాగమునకును వైరము లేదని చూపినది గాని, అట్లు చూపుమని యామెను గోరుటకు మనకధికారము లేదు. బలవంతముగా జెప్పించుటయు, బలవంతముగా మూయించుటయు నొక్క చేతి పనులే.

ఇప్పుడు మన యింటికి దగ్గరి కథకు వత్తము. ద్యుతీ చంద్ జాజ్‌పూర్ జిల్లాలోని చాకా గోపాల్‌పూర్ గ్రామమున నేతపనివారి యింట బుట్టినది. మన హైదరాబాదులో శిక్షణ పొందినది. 2014లో నామె దేహమున సహజముగా నున్న యొక రసము స్త్రీలకుండదగిన మితిని మించినదని యామెను పోటీలనుండి తొలగించిరి. ఆమె స్విట్జర్లండులోని క్రీడావివాదముల న్యాయస్థానమునకు బోయి 2015లో దిరిగి పరుగెత్తు హక్కును గెలుచుకొన్నది. 2018 ఆసియా క్రీడలలో నూరు మీటర్ల పరుగునందును, ఇన్నూరు మీటర్ల పరుగునందును రజతపతకములు తెచ్చినది. దేహమును గూర్చి లోకమునకు సమాధానము చెప్పి యలసిన యామె, 2019లో మనస్సును గూర్చియు జెప్పవలసివచ్చినది. కన్నతల్లియు, తోబుట్టిన యక్కయు బహిరంగముగా నామెను వ్యతిరేకించిరి. జూలై నెలలో, ఇటలీలోని నేపుల్సు నగరమున జరిగిన విశ్వవిద్యాలయముల ప్రపంచక్రీడలలో నూరు మీటర్లను 11.32 సెకనులలో బరుగెత్తి యామె స్వర్ణపతకము గెలిచినది. తరువాత 2023లో నిషిద్ధౌషధముల విషయమున నామెకు నాలుగేండ్ల నిషేధము విధింపబడినది. దీనిని దాచను. కాని యా దోషమునకు శిక్ష దానికే యున్నది. దానిని జూపి "ఆమె ప్రేమయు నిట్టిదే" యనువారు, ఒక లెక్క తప్పిన పిల్లవానిని దొంగయని పిలుచు నుపాధ్యాయుని వంటివారు.

అట్టి యుపాధ్యాయుని నిందించుటకు నాకేమి యర్హత గలదు? చాల యేండ్ల క్రిందట మా పాఠశాలలో తొమ్మిదవ తరగతి పిల్లవాడొకడుండెను. దూరపు పరుగులో వానిని మించినవాడు లేడు. వాని నడకను, కంఠమును జూచి తోటిపిల్లలు వానికొక యాడుపేరు పెట్టి, పరుగెత్తునప్పుడు గట్టు మీదినుండి కేకలు వేయుచుండిరి. వాని మనస్సేమో నేనడుగలేదు. అది నేనడుగదగినదియు గాదు. ఒక సాయంకాలము వాడు నా యొద్దకు వచ్చి, "మాస్టారూ, వాళ్లు అట్లా అంటుంటే నేనేమి చేయాలి?" అని యడిగెను. నేను వాని భుజము తట్టి, "నీవేమియు అనకు నాయనా, వాళ్లే ఊరకుందురు" అంటిని. వాడు నా మాట విన్నాడు. ఏమియు ననలేదు. మరునాటినుండి మైదానమునకు రాలేదు. గట్టు మీది కేకలు నిజముగానే యాగిపోయినవి. నా సలహా ఫలించినదని నేను సంతోషించితిని.

ఈ సంతోషమే యిప్పుడు నన్ను గాల్చుచున్నది. కేకలు వేసినవారితో నేనొక్క మాట యనలేదు. ఊరకుండుమని దెబ్బ తిన్నవానికే చెప్పితిని. ఉపాధ్యాయుల గదిలో ద్యుతీ చంద్‌కు నేను చెప్పిన ధర్మమును ఈ ధర్మమే.

చదువరులారా! మనువు చెప్పినవన్నియు మనకు శిరోధార్యములు కావు. స్త్రీలను గూర్చియు, శూద్రులను గూర్చియు నాతడు వ్రాసిన వానిలో ననేకములను మన పెద్దలు ప్రయాసపడి వదలించుకొనిరి. కాని యాతనిని సాక్షిగా బిలిచినవాడను నేను గనుక, సాక్షి చెప్పినదంతయు విననిచ్చుట నా విధి. అప్రియమైన సత్యమును పలుకవలదన్న యా శ్లోకమే, ఆ వెంటనే, ప్రియమైన యసత్యమును గూడ బలుకవలదని శాసించుచున్నది. మొదటి సగమును మనము బలహీనునకు జెప్పుచున్నాము. రెండవ సగమును మనకు మనము చెప్పుకొనుట లేదు. క్రీడాకారుని మౌనము మనకు బ్రియమైన యసత్యము. అది మన సుఖమునకై యతనిచేత మనము పలికించుచున్న యబద్ధము.

మరియు సత్యమును అప్రియముగా జేయునదెవరు? "నేను ఫలానావారిని ప్రేమించుచున్నాను" అను వాక్యములో ఎవరికిని హాని లేదు. అందులోని చేదు పలికినవాని నాలుకపై లేదు, విన్నవాని చెవిలో నున్నది. కావున నా సత్యమును బ్రియము చేయు భారము చెప్పువానిది కాదు, మనది. ప్రేక్షకసమూహము ఆకాశమునుండి ఊడిపడదు. అది మన యిండ్లనుండియే మైదానమునకు బోవును. టెలివిజను ముందు గూర్చుండి మనము వేయు వెకిలి హాస్యమును, మన ప్రక్కన నున్న పదమూడేండ్ల పిల్లవాడు వినును. వాడు రేపు గట్టు మీద నిలిచి కేక వేయువాడు కావచ్చును. పరుగు మానుకొని యింటికి బోవువాడును గావచ్చును.

మొన్న మా లెక్కల పంతులుగారితో నీ సంగతి మరల నెత్తితిని. వారు చాలసేపు మాటాడక, "అయితే ఆ పిల్లవానితో ఏమని యుండవలసినది?" అని యడిగిరి. "వానితో నేమియు ననవలసినది లేదండీ, గట్టు మీదికి బోయి యుండవలసినది" అంటిని.