తన మాట అంటే ఎవరి మాట?

వినయపిటకంలోని చుల్లవగ్గలో ఒక చిన్న ఘట్టం ఉంది. బ్రాహ్మణ కుటుంబం నుంచి వచ్చి భిక్షువులైన ఇద్దరు అన్నదమ్ములు బుద్ధుడి దగ్గర ఫిర్యాదు చేస్తారు. నానా కులాల వాళ్లూ, నానా గోత్రాల వాళ్లూ సంఘంలో చేరి ఎవరి మాటతీరులో వాళ్లు బుద్ధవచనాన్ని అప్పజెబుతూ చెడగొడుతున్నారనీ, సెలవిస్తే దాన్ని ఛందస్సులోకి, అంటే వేదభాష ఒరవడిలోకి మార్చేస్తామనీ వాళ్ల మనవి. బుద్ధుడు ఒప్పుకోలేదు. అలా మార్చడం దోషమని నియమం పెట్టి, తన వచనాన్ని 'సకా నిరుత్తి'లో, అంటే 'తన మాటలో', నేర్చుకోవచ్చని అనుమతించాడు. తన మాట అంటే ఎవరి మాట? వినేవాడిదా, చెప్పేవాడిదా? 5వ శతాబ్దంలో సింహళంలో వ్యాఖ్యలు రాసిన బుద్ధఘోషుడు అది బుద్ధుడు పలికిన మాగధేనని తేల్చాడు. ఎవరి మాటలో వాళ్లు నేర్చుకోవచ్చన్నదే దాని భావమని ఆధునిక పండితులు అనేకులు అంటారు. ఫిర్యాదు దేని గురించో చూస్తే ఈ రెండో అర్థమే అతుకుతుంది. ఎవరికి వాళ్లు సొంత మాటలో చెప్పుకుంటున్నారన్నదే కదా ఆ అన్నదమ్ముల బాధ! బుద్ధఘోషుడి మాటే నిజమైతే, బుద్ధుడు ఒక పెద్ద భాషను పక్కనపెట్టి ఆ పీట మీద మరో భాషను కూర్చోబెట్టాడంతే. మన ప్రభుత్వ బడుల్లో ఏ మాధ్యమం ఉండాలనే వివాదమంతా తెలియకుండానే బుద్ధఘోషుడి పక్షాన నిలబడి నడుస్తోందని నాకు అనిపిస్తుంది. తెలుగా, ఇంగ్లిషా అని ఏళ్ల తరబడి వాదించుకుంటున్నాం. ఈ రెండూ చెప్పేవాడి మాటలే అయిన పిల్లలు అదే బడిలో, అదే బల్ల మీద కూర్చుని ఉన్నారు.

ధర్మం వినడానికి రమ్మని బుద్ధుడు ఎవరినీ నిర్బంధించలేదు. బడి సంగతి వేరు. 2002 నాటి 86వ సవరణతో రాజ్యాంగంలోకి 21ఎ అధికరణం వచ్చింది. దాన్ని అమలు చేసే విద్యాహక్కు చట్టం ప్రకారం 2010 ఏప్రిల్ 1 నుంచి 6–14 ఏళ్ల పిల్లలందరికీ చదువు ఉచితం, నిర్బంధం. ఆ నిర్బంధాన్ని చట్టం ప్రభుత్వం మీదే పెట్టిందన్నది నిజమే. అయినా ఆ పూటంతా బిడ్డను ఇంటి నుంచి, చేను గట్టు నుంచి, అవ్వ ఒడి నుంచి తెచ్చి కూర్చోబెట్టేది రాజ్యమే. ఇష్టపడి వచ్చిన శిష్యుడికి అర్థంకాని భాషలో చెబితే అతడు లేచి పోగలడు. ఆరేళ్ల పిల్ల పోలేదు. కాబట్టి పిలిచి కూర్చోబెట్టినవాడి మీదే ఒక బాధ్యత పడుతుంది: ముందు తన మాట ఆ పిల్లకు అర్థమయ్యేటట్టు చూసుకోవడం. ద్విభాషా విద్య కోసం చేసే వాదాల్లో సంస్కృతి పరిరక్షణ, అంతరించే భాషలు, జాతి గౌరవం వగైరా చాలా వినిపిస్తాయి. అవన్నీ మంచి మాటలే. కానీ వాటి బరువంతా పిల్లల భుజాల మీద పడుతుంది, భాషను బతికించే పని వాళ్లదైనట్టు. నా వాదానికి అంత దూరం అక్కర్లేదు. అర్థం కావడమనేది బోధనకు తగిలించిన సదుపాయం కాదు, అది లేనిచోట బోధన జరగనే లేదు, హాజరు మాత్రమే జరిగింది. మన చట్టానికీ ఈ సంగతి తెలుసు. విద్యాహక్కు చట్టం 29వ సెక్షను, బోధన పిల్లల మాతృభాషలోనే ఉండాలంటుంది, 'సాధ్యమైనంత వరకు' అనే మాట చేర్చి. పాలకులకు కావలసిన వెసులుబాటంతా ఆ రెండు మాటల్లోనే ఉంది.

1956లో ఒకే రాజ్యాంగ సవరణ రెండు పనులు చేసింది. ఏడవ సవరణ భాషా ప్రాతిపదికన ఏర్పడిన రాష్ట్రాలకు రాజ్యాంగంలో చోటు కల్పించింది. అదే సవరణ 350ఎ అధికరణాన్ని చేర్చి, భాషా అల్పసంఖ్యాక వర్గాల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన వసతులు కల్పించే ప్రయత్నం చేయాలని ప్రతి రాష్ట్రానికీ చెప్పింది. గీత గీసినవాళ్లకు గీతకు అవతల మిగిలేవాళ్లెవరో తెలుసు. పొట్టి శ్రీరాములు ప్రాణం పెట్టిన తర్వాత వచ్చిన రాష్ట్రం, మాతృభాష పేరుతోనే పుట్టిన రాష్ట్రం, సీతంపేట కొండల్లోని సవర పిల్లకు తెలుగును మాతృభాష అని చెప్పి నేర్పడం మొదలుపెట్టింది. సవర తెలుగుకు యాస కాదు, దూరపు చుట్టం కూడా కాదు. అది ముండా కుటుంబపు భాష. కర్మను క్రియలోనే కలిపేసుకుని వాక్యమంత భావాన్ని ఒక్క మాటలో పలికే పద్ధతి దానిది. సరిగ్గా ఇదే ప్రశ్న తమిళనాడులో తలకిందులై కనిపిస్తుంది. అక్కడ బడుల్లో తమిళాన్ని తప్పనిసరి చేస్తూ 2006లో తమిళ అభ్యసన చట్టం వచ్చాక, కృష్ణగిరి జిల్లా హోసూరు వైపు తెలుగు పిల్లల మాతృభాష ఏమవుతుందని తెలుగువాళ్లు ఆందోళన పడ్డారు, కోర్టులదాకా వెళ్లారు. ఆ ఆందోళన న్యాయమైనదే. ఒక సూత్రం మనకు లాభం చేసే చోటే కనిపించి, మనం ఇవ్వాల్సిన చోట కనిపించకపోతే దాన్ని సూత్రమనడం కష్టం. హోసూరులో హక్కైనది సీతంపేటలో దయ ఎలా అవుతుంది?

ఈ చిక్కును చాలా ముందే గుర్తించినవాడు గిడుగు రామమూర్తి. ఆయన పుట్టినరోజున తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటాం. కానీ ఆ ఉపన్యాసాల్లో సవర ఊసు ఒక వాక్యానికి మించి రాదు. పర్లాకిమిడిలో బడిపంతులుగా ఉంటూ ఆయన సవర నేర్చుకున్నాడు, వాచకాలు రాశాడు, సవర పిల్లలకు బడి నడిపాడు. ఆయన రాసిన సవర వ్యాకరణం 1931లో అచ్చయింది, నిఘంటువూ కట్టాడు. వ్యావహారిక తెలుగు కోసం చేసిన పోరాటం, సవర బడి ఆయనకు రెండు పనులు కావు. గ్రాంథికం అర్థంకాని తెలుగు పిల్లాడూ, తెలుగు అర్థంకాని సవర పిల్లాడూ ఆయన దృష్టిలో ఒకే అన్యాయానికి గురైనవాళ్లు. తెలుగువాళ్లం ఆ వాదంలో మనకు పనికొచ్చే సగాన్ని తీసుకుని పండగ చేసుకుంటున్నాం. 2004లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం సవర, కోయ, గోండి, కొలామి, కువి, కొండ, ఆదివాసీ ఒరియా, బంజారా అనే ఎనిమిది భాషల్లో తెలుగు లిపితో ప్రాథమిక వాచకాలు తెచ్చి బహుభాషా విద్య మొదలుపెట్టడం, చెప్పాలంటే, ఆ రెండో సగం దాదాపు వందేళ్లు ఆలస్యంగా అందడమే.

పిల్ల తన మాటలోనే ఎందుకు మొదలుపెట్టాలి? భర్తృహరి వాక్యపదీయంలో ఒక లోతైన ప్రతిపాదన చేశాడు. మాటతో అల్లుకోని జ్ఞానం లోకంలో లేదని ఆయన పక్షం. ఆయన మాతృభాష గురించి మాట్లాడలేదు, వాక్తత్త్వం గురించి మాట్లాడాడు. అయినా దాన్నుంచి ఒక సంగతి తేల్చుకోవచ్చు. ఆరేళ్ల పిల్లకు ముందే లెక్క తెలుసు, ముందే కారణం తెలుసు, వాన ఎప్పుడొస్తుందో, ఏ దుంప తినకూడదో తెలుసు. ఆ తెలివంతా ఒక భాషలో అల్లుకుని ఉంది. ఆ భాషను గుమ్మం బయట వదిలి రమ్మంటే తెలివినీ అక్కడే వదిలి రమ్మన్నట్టే. తత్త్వం అంతవరకు చెబుతుంది. అది నిజమో కాదో పరీక్షించి చూసినవాళ్లూ ఉన్నారు. 1970లో నైజీరియాలోని ఇఫేలో బాబాతుండే ఫఫున్వా ఆధ్వర్యంలో ఒక ప్రయోగం మొదలైంది. ఒక వర్గం పిల్లలకు ఆరేళ్ల ప్రాథమిక విద్య మొత్తం యొరుబాలో చెప్పి, ఇంగ్లిషును ఒక సబ్జెక్టుగా, ప్రత్యేకంగా శిక్షణ పొందిన పంతుళ్లతో నేర్పించారు. మరో వర్గానికి మామూలు పద్ధతిలో మూడేళ్లు యొరుబా, తర్వాత ఇంగ్లిషు. యొరుబాలో చదివినవాళ్లు మిగతా సబ్జెక్టుల్లో ముందున్నారు, ఇంగ్లిషులోనూ వెనకబడలేదు. ఈ చివరి ముక్కే ముఖ్యం. భాషలో మంచి బోధన జరగడం ఒకటి, ఆ భాష ద్వారా అన్నీ బోధించడం మరొకటి. మన చర్చలో ఈ రెండూ కలిసిపోయి ఉన్నాయి.

ఇక అభ్యంతరాల్లో అన్నిటికన్నా బరువైనది కులం వైపు నుంచి వస్తుంది. తమ పిల్లలను ఇంగ్లిషు మీడియంలో చదివించుకుని, పేదల పిల్లలకు మాత్రం మాతృభాష మహిమ చెబుతారేమని కంచ ఐలయ్య లాంటివాళ్లు దశాబ్దాలుగా అడుగుతున్నారు. 2019 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం బడులను ఇంగ్లిషు మాధ్యమంలోకి మారుస్తూ ఉత్తర్వు ఇచ్చినప్పుడూ, 2020 ఏప్రిల్‌లో హైకోర్టు దాన్ని కొట్టేసినప్పుడూ ఈ ప్రశ్నకు సూటిగా జవాబు చెప్పినవాళ్లు తక్కువ. ఆ నింద నిజమైనదే గనక ముందు దాన్ని ఒప్పుకోవాలి. ఉత్తరప్రదేశ్‌లోని బాంకా గ్రామంలో 2010లో చంద్రభాన్ ప్రసాద్ చొరవతో దళితులు ఇంగ్లిషు దేవికి గుడి తలపెట్టారు. కంప్యూటర్ మీద నిలబడి, చేతిలో కలం పట్టుకున్న దేవత ఆమె. నవ్వుకున్న పెద్దమనుషులు చాలామందే. కానీ ఒడిశా సవరల్లో 1936లో మంగై గొమాంగో తమ భాషకు సొరంగ్ సొంపెంగ్ లిపిని రూపొందించినప్పుడు ఆ అక్షరాలనే దేవతలుగా కొలవడం మొదలైంది. ఒకరికి అందరాని భాష దేవత, ఇంకొకరికి సొంత భాషే దేవత. ఈ రెండు గుళ్లలోనూ అడిగే వరం ఒకటే: అక్షరం ముందు తల వంచుకుని నిలబడే గతి మాకు వద్దని. ఇంగ్లిషు ఇవ్వకపోవడం అన్యాయం. అర్థంకాని ఇంగ్లిషులో లెక్కలు, సైన్సు చెప్పి, పదో తరగతికి ఇంగ్లిషూ రాక, లెక్కలూ రాక మిగిలిపోయేలా చేయడం అదే అన్యాయానికి రెండో రూపం. డబ్బున్న ఇంట్లో అమ్మానాన్నలు ఆ లోటును సాయంత్రం పూట పూడుస్తారు. బడిలో చేరిన మొదటి తరం పిల్లకు పూడ్చేవాళ్లు ఎవరు?

రెండో అభ్యంతరం ఆచరణది, దానికీ సాక్ష్యం ఉంది. ఫిలిప్పీన్స్ 2013లో చట్టం చేసి మొదటి తరగతుల్లో మాతృభాషా బోధనను తప్పనిసరి చేసింది. 2024లో మరో చట్టంతో ఆ తప్పనిసరిని ఎత్తేసింది. ద్విభాషా విద్యను సమర్థించేవాళ్లు దీన్ని దాటేసి పోకూడదు. అక్కడ నూటికి పైగా భాషలుంటే, బడి ఎక్కువగా ప్రాంతంలోని పెద్ద భాషనే మాతృభాషగా పట్టుకుంది. చాలామంది పిల్లలకు అదీ పరాయిదే. పుస్తకాలు చాలలేదు, పంతుళ్లకు శిక్షణ చాలలేదు. సిద్ధాంతం ఓడిందా, లేక సిద్ధాంతం పేరుతో మళ్లీ బుద్ధఘోషుడి అర్థమే అమలైందా అన్నది ఆలోచించాల్సిన విషయం. మన దగ్గరా చిక్కులు తక్కువేమీ కాదు. గోండికే లిపులు ఒకటికి మించి ఉన్నాయి. ఆదిలాబాద్ గుంజాల రాతప్రతుల లిపి ఒకటి, మున్షీ మంగల్‌సింగ్ మసారం 1918లో రూపొందించినది ఒకటి. ఈ రెండూ యూనికోడ్‌లో చోటు సంపాదించాయి. మన వాచకాలు మాత్రం తెలుగు లిపిలో. ఏ లిపి అన్నది గోండులు తేల్చుకోవాల్సిన మాట, తేలేదాకా బడి ఆగనక్కర్లేదు. తమ భాషలో మొదలైన పిల్ల ఏ లిపిని ఎంచుకోవాలో రేపు తనే వాదించగలదు.

ఇలా చదివితే పిల్లలు గూడేనికే పరిమితమైపోతారన్న భయం మిగిలింది. సొంత మాటలో మొదలవడం అంటే అక్కడే ఆగడమని ఎవరూ అనలేదు. వదిలేసి వెళ్లే స్వేచ్ఛ ఉండాలి, నిజమే. కానీ చేతికి అందకముందే లాక్కున్నదాన్ని వదిలేశానని చెప్పలేం. అరణవిభంగ సుత్తంలో బుద్ధుడు ఒక మామూలు గిన్నెను ఉదాహరణగా తీసుకుంటాడు. ఒకే పాత్రను ఒక్కో జనపదంలో ఒక్కో పేరుతో పిలుస్తారనీ, తన ప్రాంతపు పేరే నిజం, మిగతావి వట్టివని పట్టుబట్టకూడదనీ అక్కడి బోధ. ఇది అల్పసంఖ్యాకుల పిల్లలకు ఎంత అవసరమో, పక్కన కూర్చున్న తెలుగు పిల్లాడికి అంతకన్నా ఎక్కువ అవసరం, ఎందుకంటే ఆ పట్టుదల పెట్టగల బలం ఉన్నది వాడికే. రెండు తెలుగు రాష్ట్రాల్లో ఇంగ్లిషు మాధ్యమంతో పాటు ఎదురెదురు పేజీల్లో రెండు భాషలున్న పాఠ్యపుస్తకాలు వచ్చాయి. మంచి ఆలోచనే. ఆ పుస్తకం సీతంపేట కొండ మీది బడికీ వెళుతుంది. అందులో గిన్నెకు రెండు పేర్లుంటాయి, ఒక పేజీలో తెలుగుది, ఎదురు పేజీలో ఇంగ్లిషుది.