అతుకు దగ్గర తొందర వద్దు నాయనా

తాతగారి అంబాసిడర్‌ని మళ్ళీ రోడ్డెక్కించాలని పూనుకున్నావు, చాలా సంతోషం. ఉత్తర్‌పారా ఫ్యాక్టరీలో ఆ కారు తయారీ 2014లోనే ఆగిపోయింది, ఉన్నవాటిని కాపాడుకోవాల్సిందే. పాత వైరింగ్ అంతా పీకేసి కొత్తది వేస్తానన్నావు, అదీ మంచిదే. కానీ మంచి తీగ కోసం ఊరంతా తిరిగినవాడివి, తీగల్ని కలిపే లగ్గులూ కప్లర్లూ దగ్గరికొచ్చేసరికి కౌంటర్ మీద ఏది కనబడితే అది గుప్పెడు తెచ్చేస్తే ఎలా నాయనా?

తీగ నడిమధ్యలో ఊరికే కాలదు. ముందు కాలేది అతుకే. లెక్క నువ్వే వేసుకో. హెడ్‌లైట్ బల్బు 60 వాట్లు, బ్యాటరీ 12 వోల్టులు. ఒక్కోదానికి 5 ఆంపియర్లు, రెండింటికీ కలిపి 10. ఆ దారిలో ఒక్క అతుకు వదులై 0.1 ఓము నిరోధం పుట్టిందనుకో, అక్కడే దాదాపు 1 వోల్టు పోతుంది. లైటు మసకబారిందంటే సరేలే అనుకోవచ్చు. గోరంత లగ్గులో దాదాపు 10 వాట్ల వేడి చేరిందే, దాన్నేం చేస్తావు? ప్లాస్టిక్ మెత్తబడుతుంది, పట్టు ఇంకా వదులవుతుంది, వేడి ఇంకా పెరుగుతుంది. ఫ్యూజు ఉందిగా అనకు. వదులు అతుకు వల్ల కరెంటు పెరగదు, కాస్త తగ్గుతుంది కూడా. ఫ్యూజు కిక్కురుమనదు. పిల్లలు వెనక సీట్లో నిద్రపోతుంటే, రాత్రివేళ ఘాట్ రోడ్డు మీద రెండు లైట్లూ ఆరిపోతే అప్పుడు ఎవర్ని తిట్టుకుంటావు?

అందుకే షాపుకి వెళ్ళేటప్పుడు జేబులో చిన్న అయస్కాంతం వేసుకో. లగ్గు ఇత్తడిదైతే అది అంటుకోదు. పసుపు పూత పూసిన ఇనపముక్కయితే ఠక్కున అంటుకుంటుంది, దాన్ని అక్కడే వదిలేసి రా. తగరం పూత ఉన్న లగ్గు దొరికితే మరీ మంచిది, కాకినాడ, విశాఖ లాంటి ఉప్పుగాలి ఊళ్ళలో తొందరగా చిలుము పట్టదు. స్లీవు రంగు కూడా చూసుకో. మామూలుగా ఎరుపు 1.5 చదరపు మిల్లీమీటర్ల తీగ వరకు, నీలం 2.5 వరకు, పసుపు 4 నుంచి 6 వరకు. లావు తీగ దూరడం లేదని నాలుగు పోగులు కత్తిరించి దూర్చకు. అసలు తొందరంతా అక్కడే బయటపడుతుంది.

ఇక నొక్కడం. కటింగ్ ప్లయర్‌తో చితక్కొట్టేవాళ్ళని చాలామందిని చూశాను. రాచెట్ ఉన్న క్రింపింగ్ ప్లయర్ కొనుక్కో నాయనా, పూర్తిగా నొక్కుకునేదాకా అది వదలదు. నొక్కాక గట్టిగా లాగి చూడు. ఊడిందా, మంచిదే, ఇంట్లోనే ఊడింది. సోల్డర్ పెడితే గట్టి కదా అంటావు. ఆ సోల్డర్ పోగుల్లోకి పాకి తీగ బిరుసెక్కుతుంది, ఇంజిన్ అదురుకి ఆ బిరుసు ఆగిన చోటే తెగుతుంది. మెలిపెట్టి టేపు చుట్టడమంటావా, చిరిగిన చీరకి పిన్నీసు పెట్టినట్టు. బానెట్ కింద వేడికి టేపు జిగురు కారి, చుట్టు దానంతటదే విడిపోతుంది.

బానెట్ కింద, చక్రాల దగ్గర మాత్రం రబ్బరు సీలున్న కప్లర్లే వెయ్యి. డబ్బులు ఎక్కువే, కాదనను. డ్యాష్‌బోర్డు లోపల మామూలువి వేసి ఆ మిగిలింది ఇక్కడ పెట్టు. సీలు తీగ మందానికి బిగుతుగా ఉండాలి. తీగ లేని రంధ్రానికి మూత బిగించాలి, దాన్ని వదిలేస్తే నీళ్ళు ఆ దారినే వస్తాయి. ఎర్తు లగ్గు కింద పెయింటు గీకడం మరిచిపోవుగా?

అంతా అయ్యాక ఇంజిన్ స్టార్ట్ చేసి, లైట్లు వేసి ఓ పావుగంట ఉంచు. కదిలే బెల్టుకీ, ఫ్యానుకీ చెయ్యి దూరంగా పెట్టుకుని, ఒక్కో కప్లర్‌నీ వేలికొసతో తాకి చూడు. ఏదైనా వేడిగా తగిలితే మొహమాటపడక కోసేసి కొత్తది వెయ్యి. మీ ఆవిడనీ పిల్లల్నీ ఎక్కించుకోవడం ఆ తర్వాతే.