వాయకుని నేర్పు – సృజనలో అలసట

శ్రీమద్భాగవత దశమస్కంధమున, 41వ అధ్యాయమున, రామకృష్ణులు మథురాపురమున ప్రవేశించిన ఘట్టము భక్తులెల్లరు ఎఱిగినదే. రాజవీథిలో మొదట ఎదురైనవాడు రజకుడు. బట్టలు ఉతుకుటయే గాక రంగులద్దుటయు వాని వృత్తి. వాని మూటలో మేలైన వస్త్రములు అనేకములు కలవు. అవి రాజుగారి సొత్తని పలికి, అడిగినవారికి ఒక్కటియు ఈయక, దుర్భాషలాడి నశించెను. పిమ్మట వచ్చినవాడు వాయకుడు, అనగా నేతగాడు. వ్యాసమహర్షి అతని పేరైనను చెప్పలేదు. అతడు ప్రీతితో, చిత్రవర్ణములుగల వస్త్రములతో ఆ సోదరులను వారివారి మేనికి తగినట్లు అలంకరించెను. సుదాముడను మాలాకారుని కథను విస్తరించి చెప్పినట్లు పౌరాణికులు ఈ నేతగాని కథను చెప్పరు. కొద్ది శ్లోకములలో ముగియుటచేత కాబోలు. కాని నేటి గృహములలో వినవచ్చుచున్న ఒక ప్రశ్నకు ఈ చిన్నకథ చాల దగ్గరగా నున్నది.

వస్త్రములకు రూపకల్పన చేయుట నేడొక చదువు. నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఫ్యాషన్ టెక్నాలజీ ఢిల్లీలో 1986లోను, హైదరాబాదులో 1995లోను ఏర్పడెను. అట్టి విద్యాలయములందు మన కుటుంబముల బాలబాలికలును చదువుచున్నారు. మూడవ సంవత్సరమున నున్న ఒక బాలికను ఊహింపుడు. స్వస్థలము శ్రీకాళహస్తి ప్రాంతమనుకొనుడు. మొదటి ఏట ఆమె చిత్రపు పుస్తకములు చాలక విడికాగితములపై గీసినది. నేడు తెల్లకాగితము తెల్లగనే యున్నది. పరీక్షకులు కూర్చుండి చూచు జ్యూరీ దినము సమీపించుచున్నది. రాత్రివేళ సెల్‌ఫోనులో వందల కొలది బొమ్మలు చూచును. తనకు తోచినదెల్ల ఎవరో ఒకరు అప్పటికే చేసినట్లు కనబడును. తల్లి ఫోనుచేసి అడిగిన "బాగున్నానమ్మా" అనును. నిద్ర లేదు, ఆకలి లేదు. కత్తెర పట్టిన ఏడుపు వచ్చును.

ఇది ఆమె దోషమా? ఇంటిలో రెండు మాటలు వినబడును. సోమరితనమని ఒకరు, నాలుగు దినములు దేవుని తలచుకొనిన పోవునని మరియొకరు. రెండును తొందరపాటు మాటలే. న్యూయార్కులో ఫ్రాయిడెన్‌బర్గర్ అను మనస్తత్వశాస్త్రజ్ఞుడు 1974లో ఈ స్థితిని గూర్చి వ్రాసెను. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2019లో దీనిని వ్యాధిగా గాక, వృత్తిసంబంధమైన స్థితిగా తన పట్టికలో చేర్చి మూడు లక్షణములు చెప్పినది: శక్తి యుడుగుట, పనిపై మనస్సు విరిగి దూరమగుట, పనిలో సామర్థ్యము తగ్గుట. ఆ నిర్వచనము ఉద్యోగమునకు సంబంధించినదే యైనను, ఈ బాలిక స్థితి దానికి దూరము కాదు. నిద్రాహారములు వారముల తరబడి చెడినచో వైద్యునికి చూపవలసినదే. మ్రొక్కుబడి వైద్యమునకు బదులు కానేరదు. గీత ఆరవ అధ్యాయమున భగవానుడు తిండి మానినవానికిని, నిద్ర మానినవానికిని యోగము కుదరదని చెప్పియుండగా, కుట్టుపని మాత్రము కుదురునా?

విశ్రాంతి పనికి శత్రువను భ్రమ మన పూర్వులకు లేదు. పదవ శతాబ్దివాడైన రాజశేఖరుడు కావ్యమీమాంసలో కవి దినచర్యను జాములుగా విభజించెను. పగటి నాలుగు జాములలో రచనకు కేటాయించినది ఒక్క జామే. మొదటి జాము చదువునకు, భోజనానంతరము మిత్రగోష్ఠికి, చివరి జాము ఉదయము వ్రాసినదానిని సరిచూచుటకు. రాత్రి నడిమి రెండు జాములు గాఢనిద్రకు. ఇంత తీరిక రాజాస్థాన కవికి గాని పరీక్షలున్న విద్యార్థికి దొరకదందురు. నిజమే. అయినను, రోజంతయు కల్పన చేయుమని అతడు ఎవరికిని చెప్పలేదని గుర్తింపవలెను.

ఆ బాలిక ఊరిలోనే, కలంకారీ పనివారి చేతులలో ఇదే నియమము ఎవరును చెప్పకుండ సాగుచున్నది. నూలుగుడ్డను కరక్కాయ, పాలు కలిపిన రసమున నానబెట్టి ఎండనిచ్చెదరు. ఇనుపముక్కలు, బెల్లము నీట నానవేసి, దినముల తరబడి పులియబెట్టిన నల్లని ద్రవముతో కలముపట్టి రేఖలు దిద్దెదరు. పటిక పూసి ఆరనిత్తురు. పారునీట ఉతికి మరల ఎండకు వేయుదురు. ఎండ రానినాడు పని ఆగును. అట్లు ఆగుట ఎవరికిని సిగ్గుగా తోచదు. బెల్లపునీరు పులియువరకు ఎంతటి నేర్పరియైనను కూర్చుండవలసినదే.

విశ్రమించినంత మాత్రమున సమస్య తీరునా అనిన, తీరదు. సెలవులు గడిపి వచ్చినవారికిని కాగితము తెల్లగనే యుండుట కలదు. ఇక్కడనే వాయకుడు మరల జ్ఞప్తికి రావలెను. ఆ బాలిక రేయింబవళ్లు వెదకుచున్నది "ఎవ్వరును చూడనిది ఏది?" అని. ఆ వెదకుటకు అంతు లేదు. నేతగాని ముందు నున్న ప్రశ్న వేరు. ఎదుట నిలిచినవారిలో ఒకరు నల్లనివారు, ఒకరు తెల్లనివారు. వీరికి తగినది ఏది? కన్నులు తెరచి చూచినవానికి ఆ ప్రశ్నలోనే సమాధానము సగము కలదు. రజకుని మూట నిండుగా నున్నను అందులోని బట్ట ఎవరి మేనికిని అతడు చుట్టలేదు.

అయినచో జ్యూరీ నవ్యతను కోరదా? కోరును. దానిని తప్పించుకొనుటకు ఇది సాకు కారాదు. కాశ్మీరదేశపు ఆనందవర్ధనుడు తొమ్మిదవ శతాబ్దిననే దీనికి బదులు చెప్పెను. పూర్వము చూచిన అర్థములే రసస్పర్శచేత వసంతమున చెట్లవలె క్రొత్తగా తోచునని అతని మతము. వేపచెట్టు ఏటేట వేపాకునే తొడుగును. ఉగాదినాడు దానిని పాతదని త్రోసివేయువారు లేరు.

వాయకునికి స్వామి యిచ్చిన వరమును గూడ గమనింపవలెను. సారూప్యముతోను, సంపదతోను ఆగక, బలమును, స్మృతిని, ఇంద్రియపాటవమును గూడ అనుగ్రహించెనని భాగవతము. చేతిపని చేయువానికి ఇవి యెంత అవసరమో ఆ వరమే చెప్పుచున్నది. అలసిన బాలిక కోల్పోయినవియు సరిగా ఇవే: చేతిలో సత్తువ, నేర్చినది గుర్తుండుట, రంగును రంగుగా చూచు కన్ను.

సెలవులకు ఇల్లు చేరిన ఆమె ఒక ఉదయము తన అవ్వ రవిక తొడుగుకొనుట చూచుననుకొనుడు. అవ్వకు కుడిచేయి భుజమునకు పైకి లేవదు. ప్రతిదినము కోడలు వచ్చి తొడుగవలసియున్నది. అందుకు ఆమె మనస్సులో నొచ్చుకొనును గాని పైకి చెప్పదు. మనుమరాలు సెల్‌ఫోను ప్రక్కన బెట్టి, టేపు తెచ్చి ఆ భుజమును కొలుచును. చంకభాగము వెడల్పు చేయవలెను. కుడిచేయి ముందు దూర్చుకొనునట్లు భుజముపై కొంత తెరచి, గుండీలు ముందునకు, ఎడమచేతికి అందునట్లు పెట్టవలెను. మొదటిది పాతచీర ముక్కతో కుట్టి చూచును, సరిపడదు. విప్పి మరల కుట్టును. అది జ్యూరీకి పనికివచ్చునో రాదో ఆమె ఇంకను తలపలేదు. మూడవనాడు అవ్వ తలుపు వేసికొని, ఎవరిని పిలువకుండ, రవిక తొడుగుకొని వెలుపలికి వచ్చును.